ఆగి ఉన్న కారుకి తగిలించి వెళ్లిపోతే కేసవుతుందా?

రివర్స్‌గేర్ అడిగారు:

మాటవరసకి ఇలా అనుకుందాం. పార్కింగ్‌లోంచి కారు వెనక్కి తీస్తుంటే ఆగి ఉన్న ఇంకో కారుకి తగిలింది. దాని బంపర్ నొక్కుకుపోయింది, ఒక టెయిల్ ల్యాంప్ పగిలింది. లోపల మనిషి లేడు, చుట్టుపక్కల ఓనర్ జాడ లేదు. డ్రైవర్ దిగాడు, రెండు నిమిషాలు అటూ ఇటూ చూశాడు, బండెక్కి వెళ్లిపోయాడు. పైన కెమెరా ఉంది.

ఇది హిట్ అండ్ రన్ అవుతుందా? కొత్త చట్టంలో పదేళ్ల జైలు, ఏడు లక్షల జరిమానా అని ఒక మెసేజ్ ఎన్నాళ్లుగానో తిరుగుతోంది. ఇంకోవైపు "బంపర్ గీతలకి ఎవడు కేసు పెడతాడు, లైట్ తీసుకో" అనేవాళ్లూ ఉన్నారు. సెక్షన్లతో సహా ఎవరైనా చెప్పగలరా? వెళ్లిపోయినవాడు ఇంటికెళ్లాక మనసు మార్చుకుంటే సరిదిద్దుకునే దారి ఉందా?

వకాల్తా:

ముందు ఆ పదేళ్ల సంగతి తేల్చేద్దాం. అది భారతీయ న్యాయ సంహిత 106(2). నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి చావుకి కారణమై, పోలీసుకో మేజిస్ట్రేటుకో వెంటనే చెప్పకుండా పారిపోయినవాడికి వర్తించే సెక్షన్. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకి దిగింది దీని మీదే. ఆ ఏడాది జులై 1న మిగతా సంహిత అమల్లోకి వచ్చినా ఈ ఒక్క ఉపసెక్షన్‌ని కేంద్రం పక్కన పెట్టింది. ఏడు లక్షలన్న అంకె సెక్షన్‌లో ఎక్కడా లేదు. ఉత్త "జరిమానా" అనే ఉంది.

"హిట్ అండ్ రన్" అన్న మాటకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 161లో ఒక అర్థం ఉంది: గుద్దిన బండి ఏదో ఎంత ప్రయత్నించినా తేలని ప్రమాదం. అది బాధితులకి పరిహారం ఇవ్వడానికి పెట్టిన నిర్వచనం. చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. టెయిల్ ల్యాంప్‌కి అందులో పైసా రాదు.

మీ ఉదాహరణకి అతికేది 1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 134. దాని శీర్షికలో "మనిషికి గాయమైతే డ్రైవర్ బాధ్యత" అని ఉండటంతో చాలామంది అక్కడే ఆగిపోతారు. లోపల చదివితే, మూడో వ్యక్తి ఆస్తికి నష్టం జరిగినా అదే బాధ్యత అని స్పష్టంగా రాసి ఉంది. గాయపడినవాళ్లుంటే వైద్యం అందేలా చూడాలి. పోలీసు అడిగితే వివరాలివ్వాలి. అక్కడ పోలీసు లేకపోతే దగ్గరలోని స్టేషన్‌లో వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు, జరిగింది చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి.

ఈ సెక్షన్‌లో "అక్కడే నిలబడి ఉండు" అన్న మాట లేదు. చట్టం పట్టుకునేది చెప్పకపోవడాన్ని. కాబట్టి మీ డ్రైవర్ బండెక్కిన క్షణంలోనే నేరం పూర్తి కాలేదు. "వీలైనంత త్వరగా" అన్న మాట ఉంది కనుక 24 గంటలూ తీరిగ్గా వాడుకోవచ్చని కాదు గానీ, అదే రాత్రి స్టేషన్‌కి వెళ్లి చెప్తే బాధ్యత తీరినట్టే. మీ చివరి ప్రశ్నకి జవాబు ఇదే.

చెప్పకపోతే సెక్షన్ 187: ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. ఒకసారి శిక్ష పడి మళ్లీ చేస్తే ఏడాది, 10,000. 2019 సవరణకి ముందు మొదటిసారికి మూడు నెలలు, 500 రూపాయలే ఉండేవి. "అయిదొందలు కట్టేస్తే పోతుంది" అన్న పాత మాట అక్కడిదే. పైగా ఇది సెక్షన్ 200 కింద చలానా కట్టి రాజీ చేసుకునే నేరాల జాబితాలో లేదు. అక్కడికక్కడ రసీదు కోయించుకుని బయటపడటం కుదరదు, కోర్టు ముందుకి వెళ్లాల్సిందే.

ఆచరణలో మొదటిసారి, ఆస్తి నష్టం ఒక్కటే ఉంటే జరిమానాతో ముగిసేవే ఎక్కువ. నన్నడిగితే అసలు దెబ్బ లైసెన్సుకి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 21 చూడండి. లైసెన్సు రద్దుకో కొంతకాలం అనర్హతకో దారితీసే పనుల జాబితా అది. బండి దొంగతనం, తాగి నడపడం లాంటి వాటి సరసన "సెక్షన్ 134 పాటించకపోవడం" కూడా ఉంది. అంటే ఆర్టీఓ నోటీసిచ్చి, సంజాయిషీ విని, సెక్షన్ 19 కింద చర్య తీసుకోవచ్చు. డ్రైవింగే జీవనాధారమైనవాళ్లకి 5,000 కన్నా ఇది బరువు.

స్టేషన్‌రైటర్:

వకాల్తా గారు సెక్షన్లు చెప్పారు. స్టేషన్‌లో బండి ఎలా నడుస్తుందో చెప్తాను.

సెక్షన్ 187 ఒక్కటే అయితే అది నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరికేది). మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసు దర్యాప్తు చేయకూడదు. కాబట్టి గీతా, డెంట్ ఫిర్యాదులకి మామూలుగా జనరల్ డైరీలో నమోదు చేసి, కెమెరాలో నంబరు దొరికితే ఓనర్‌కి ఫోన్ చేసి పిలిపిస్తారు. మీరనుకున్న "ఎవడు పట్టించుకుంటాడు" వర్గం ధైర్యమంతా ఇక్కడే.

అయితే ఫిర్యాదులో బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281 చేరిందంటే కథ మారుతుంది. ప్రజలు తిరిగే దారిలో మనుషుల ప్రాణానికి ప్రమాదం కలిగేలా, లేదా గాయమయ్యేలా నిర్లక్ష్యంగా నడపడం అది. ఆరు నెలలు లేదా 1,000 జరిమానా. శిక్ష చిన్నదే, కానీ కాగ్నిజబుల్. ఎఫ్‌ఐఆర్‌లో ఒక్క కాగ్నిజబుల్ సెక్షన్ ఉంటే చాలు, పక్కనున్న 187 కూడా దానితో పాటే దర్యాప్తులోకి వస్తుంది. ఖాళీగా ఆగి ఉన్న కారుకి మెల్లగా తగిలితే 281 నిలబడటం కష్టం, ఎందుకంటే మనిషికి ప్రమాదం ఉండాలి. కానీ పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారనో, ఫుటేజీలో ఎవరో పక్కకి గెంతారనో ఉంటే రాసేస్తారు.

ఓనర్‌కి వచ్చే నోటీసు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 133 కింద. ఆ సమయంలో నడిపింది ఎవరు, వాళ్ల చిరునామా, లైసెన్సు వివరాలు ఇవ్వాలి. "బండి నాదే, ఎవరు తీసుకెళ్లారో గుర్తులేదు" అంటే ఓనర్ మీదే 187 పడుతుంది. నేరం చేశాడన్నవాడు పేరు, చిరునామా చెప్పనంటే యూనిఫాంలో ఉన్న పోలీసు వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు, అది సెక్షన్ 202. బండిని పరీక్షకి తీసుకెళ్తే, లాంఛనాలు ముగించి 24 గంటల్లో తిరిగివ్వాలని సెక్షన్ 136లో ఉంది. ఈ సంగతి తెలిసి అడిగితే బండి తొందరగా బయటికొస్తుంది.

ఇక స్టేషన్‌కి వెళ్లి నోటితో చెప్పి వచ్చేస్తే ఏ రుజువూ మిగలదు. కాగితం రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద సంతకం, ముద్ర, తేదీ, సమయం వేయించుకోండి. సారాంశం ఇంత చాలు:

"ఫలానా తేదీ సాయంత్రం 6.40కి ఫలానా పార్కింగ్‌లో నా కారు (నంబరు) రివర్స్ చేస్తుండగా, ఆగి ఉన్న కారు (నంబరు) వెనక బంపర్‌కి తగిలింది. దాని బంపర్ కుడివైపు నొక్కు పడింది, కుడి టెయిల్ ల్యాంప్ పగిలింది. ఎవరికీ గాయాలు లేవు. యజమాని అక్కడ లేరు. 6.55 వరకు వేచి ఉండి, నా పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ వైపర్ కింద పెట్టాను. నా లైసెన్సు నంబరు, పాలసీ నంబరు కింద ఇచ్చాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం తెలియజేస్తున్నాను."

అంతే. "పొరపాటున స్పీడుగా తీశాను", "ఫోన్ చూస్తూ" లాంటివి తగిలించొద్దు. అడగని కారణాలు రాయడం మీ పని కాదు. అలాగని అబద్ధమూ రాయొద్దు. వేచి ఉండకపోతే ఉన్నానని రాయకండి, కెమెరా ఉందని మీరే అన్నారు. స్టేషన్‌లో "ఇంత చిన్నదానికి కాగితమెందుకు" అని తీసుకోకపోతే అదే కాగితాన్ని ఆరోజే స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

రివర్స్‌గేర్:

ఇద్దరికీ థ్యాంక్సండీ. ఇంకొన్ని అనుమానాలు. ఇదే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జరిగితే? అక్కడికక్కడ డబ్బులిచ్చి సెటిల్ చేసుకుంటే అయిపోయినట్టేనా? జనం గుమిగూడి కొట్టేలా ఉంటే ఆగాలా, వెళ్లిపోవాలా?

క్లెయిమ్‌ఫామ్:

సెటిల్‌మెంట్ మాట వచ్చింది కాబట్టి ఇన్సూరెన్స్ వైపు నుంచి చెప్తాను. జనం తెలిసో తెలియకో పొరపాటు చేసేది ఇక్కడే.

మోటారు పాలసీ బుక్‌లెట్ చివర్లో షరతులుంటాయి, ఎవరూ చదవరు. మొదటి షరతు: ప్రమాదం జరిగిన వెంటనే రాతపూర్వక నోటీసు. రెండోది: కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, ఇస్తానని మాటివ్వడం, డబ్బు చెల్లించడం చేయకూడదు. "మొత్తం ఖర్చు నేనే భరిస్తాను" అని కాగితం మీద సంతకం పెట్టి, రేపు అవతలివాళ్లు పెద్ద బిల్లుతో మోటారు ప్రమాద క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి వెళ్తే, కంపెనీ ఆ కాగితం చూపించి చేతులు దులుపుకోవడానికి చూస్తుంది. పూర్తిగా సొంత జేబులోంచి ఇచ్చేసి, కంపెనీని అసలు అడగదలచుకోకపోతే సరే. అప్పుడు కాగితంలో ఉండాల్సింది "ఫలానా తేదీ ఘటనకి సంబంధించి ఇంత మొత్తం ముట్టింది, ఇక ఏ క్లెయిమూ లేదు" అని, అవతలివారి సంతకంతో. తప్పెవరిదన్న మాట అందులో అవసరం లేదు. డబ్బు యూపీఐలో పంపితే తేదీతో రుజువు దానంతటదే ఉంటుంది.

సెక్షన్ 134 ప్రకారం కంపెనీకి రాయాల్సినవి నాలుగు: పాలసీ నంబరు, దాని గడువు; ప్రమాదం తేదీ, సమయం, చోటు; గాయపడినవాళ్ల వివరాలు, లేకపోతే లేరని; డ్రైవర్ పేరు, లైసెన్సు వివరాలు. టోల్ ఫ్రీకి ఫోన్ చేసి రిఫరెన్స్ నంబరు తీసుకున్నాక అదే ఈమెయిల్‌లో కూడా పంపండి. సమాచారం ఇవ్వడం వేరు, క్లెయిమ్ చేయడం వేరు. సమాచారం ఇచ్చినంత మాత్రాన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టని ఏళ్లకి ప్రీమియంలో వచ్చే తగ్గింపు) పోదు. మీ కారు రిపేరుకి ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ పెడితేనే పోతుంది. రిపేరు బిల్లులో మీరే భరించాల్సిన తప్పనిసరి కోత 1500 సీసీ లోపు కారుకి 1,000, పైబడితే 2,000. ఆ పైన 50 శాతం బోనస్ సున్నా అవుతుంది. చిన్న డెంట్‌కి క్లెయిమ్ పెట్టే ముందు ఈ లెక్క వేసుకోండి.

అవతలి కారు నష్టానికి థర్డ్ పార్టీ కవర్ ఉంటుంది. ప్రైవేటు కార్లకి మామూలుగా 7.5 లక్షల వరకు. ప్రీమియం కొంచెం తగ్గుతుందని కొందరు దాన్ని 6,000కి కుదించుకుంటారు. మీ పాలసీ షెడ్యూల్‌లో ఏ అంకె ఉందో ఇవాళే చూసుకోండి. అయితే కంపెనీ ఆ డబ్బు అడగ్గానే అవతలివాళ్ల చేతిలో పెట్టదు. మోటారు ప్రమాద క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉత్తర్వు కావాలి. ఆ తిరుగుడు పడలేక చాలామంది తమ సొంత పాలసీలోనే క్లెయిమ్ చేసుకుంటారు. అలా వాళ్ల బోనస్ పోతుంది, వాళ్ల కోపానికి సగం కారణం అదే.

డ్రైవర్‌ని మార్చి రాయడం మాత్రం చేయొద్దు. లైసెన్సు లేని తమ్ముడు నడిపితే అన్న పేరు రాయడం లాంటివి. కంపెనీ తరఫున నష్టం చూడటానికి వచ్చే సర్వేయర్ టేపు పట్టుకుని గీత నేల నుంచి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తులో ఉందో కొలుస్తాడు. అవతలి బండి బంపర్ అంచు ఎత్తుతో పోలుస్తాడు. గీత లోపల ఎదుటి కారు రంగు అంటుకుందా అని చూస్తాడు. ఆ తర్వాత మీ క్లెయిమ్ ఫామ్‌లోని తేదీ, స్టేషన్ కాగితంలోని తేదీ, ఫుటేజీ పక్కపక్కన పెడతాడు. డ్రైవర్ పేరు ఒక్కచోట తేడా వచ్చినా క్లెయిమ్ తిరస్కరిస్తారు. అదే పేరు పోలీసుకీ చెప్పి ఉంటే అది తప్పుడు సమాచారం కింద విడిగా ఇంకో నేరం. మైనర్ నడిపి ఉంటే ఇంకా అధ్వానం: సెక్షన్ 199ఎ కింద తల్లిదండ్రులకో ఓనర్‌కో మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, ఆర్సీ పన్నెండు నెలలు రద్దు.

వకాల్తా:

సెల్లార్ సంగతి మంచి ప్రశ్న. బీఎన్ఎస్ 281కి ప్రజలు తిరిగే దారి కావాలి. గేటు, వాచ్‌మన్ ఉండి బయటివాళ్లని రానివ్వని సెల్లార్‌కి ఆ మాట అతకదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా "పబ్లిక్ ప్లేస్" అన్న మాట మీదే నడుస్తుంది, అంటే ప్రజలకి ప్రవేశించే హక్కున్న చోటు. కాబట్టి సెల్లార్‌లో గుద్దితే కంపెనీ ఈ వాదన ఎత్తవచ్చు. 134లో మాత్రం అలాంటి షరతు కనపడదు. మోటారు వాహనం ప్రమేయం, మూడో వ్యక్తి ఆస్తికి నష్టం ఉంటే చాలు. సెల్లార్‌లో ఓనర్ ఫ్లాట్ నంబరు ఎలాగూ తెలుస్తుంది, తలుపు తట్టడమే తక్కువ ఖర్చు.

బీఎన్ఎస్ 324, అంటే మిస్చిఫ్, పెడతామని కొందరు బెదిరిస్తారు. దానికి నష్టం చేయాలన్న ఉద్దేశమో, నష్టం జరుగుతుందన్న ఎరుకో ఉండాలి. రివర్స్‌లో అంచనా తప్పడం ఆ కోవలోకి రాదు.

సెటిల్‌మెంట్ గురించి ఒక్కటి. ఎఫ్‌ఐఆర్ కాకముందు రాజీ పడితే మామూలుగా ఫిర్యాదే రాదు. ఎఫ్‌ఐఆర్ అయ్యాక రాజీ పడితే, చిన్న గాయానికి పెట్టిన బీఎన్ఎస్ 125(ఎ) కోర్టు అనుమతితో రాజీ అవుతుంది. 281 రాజీకి వీలున్న సెక్షన్ కాదు. దాన్ని కొట్టేయించుకోవాలంటే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 528 కింద హైకోర్టుకి వెళ్లాలి. బంపర్ ఖర్చుకి ఎన్నో రెట్లు ఫీజు. మొదటి రోజే మాట్లాడుకోమనేది అందుకే. రాజీ పడినా 24 గంటల కాగితం ఇచ్చి ఉంచండి. డబ్బు తీసుకుని రేపు మాట మార్చేవాళ్లు ఉంటారు.

జనం గుమిగూడితే: "మూక ఆగ్రహం" అన్న మాట 134లోనే ఉంది. గాయపడినవాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్లలేకపోవడానికి అది చట్టం ఒప్పుకున్న కారణం. కానీ ఎందుకు తీసుకెళ్లలేకపోయారో కూడా స్టేషన్‌లో చెప్పాలని తర్వాతి క్లాజులోనే రాశారు. అంటే అక్కడి నుంచి కదిలిన బండి ఇంటికి కాదు, నేరుగా దగ్గరి స్టేషన్‌కి వెళ్లాలి. పక్కన ఇంకో మనిషి ఉంటే దారిలోనే 112కి ఫోన్ చేయించాలి. ఆ కాల్ సమయం రికార్డులో ఉంటుంది, పారిపోయాడన్న వాదనకి అదొక్కటే పెద్ద జవాబు.

"చిన్న" ప్రమాదాల్లో నిజంగా ఇరుక్కునేది బైక్ మీద నుంచి పడ్డ మనిషి దగ్గర. లేచి దులుపుకుని "ఏం కాలేదు, వెళ్లండి" అంటాడు. రాత్రికి మోకాలు వాస్తుంది, ఆస్పత్రికి వెళ్తే ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాస్తారు, అక్కడి నుంచి స్టేషన్‌కి సమాచారం వెళ్తుంది. ఇప్పుడు 125(ఎ): ఆరు నెలలు లేదా 5,000. ఎముక విరిగిందని తేలితే 125(బి): మూడేళ్ల వరకు. "ఆయనే వెళ్లమన్నాడు" అన్నదానికి రుజువు ఉండదు. మనిషి కింద పడితే, ఎంత కాదన్నా సరే, స్టేషన్‌లో కాగితం ఇవ్వాల్సిందే.

పనిలో పని, ఒక విచిత్రం. జంతువుకి తగిలినా పోలీసు ఆపమంటే ఆగాలని మోటారు వాహనాల చట్టం 132లో ఉంది. అక్కడ జంతువు అంటే గుర్రం, పశువులు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచరగాడిద, గొర్రె, మేక. రోడ్ల మీద రోజూ కనపడే కుక్క మాత్రం ఆ జాబితాలో లేదు.

డ్యాష్‌క్యామ్:

అందరూ గుద్దినవాడి వైపే రాశారు, టెయిల్ ల్యాంప్ పగిలిన ఓనర్ కూడా ఇది చదువుతాడు కదా. వైపర్ కింద చీటీ లేకపోతే బండి కదపకముందే నాలుగు ఫొటోలు: దెబ్బ దగ్గర నుంచి, రెండు అడుగుల దూరం నుంచి, బండి మొత్తం చోటుతో కలిపి, పైన కెమెరా ఎక్కడుందో కనపడేలా. ఫుటేజీ ఆరోజే అడగండి. చాలా డీవీఆర్‌లు (కెమెరా రికార్డు దాచే పెట్టెలు) నిండగానే పాతదాని మీద కొత్తది రాసేస్తాయి. సెక్యూరిటీ ఇవ్వకపోతే "ఫలానా సమయం ఫుటేజీ భద్రపరచండి" అని రాసిచ్చి సంతకం తీసుకోండి. పోలీసు అడిగినప్పుడు అది ఉండాలి. డీవీఆర్ తెరని ఫోన్‌తో వీడియో తీసుకుంటే నంబరు పట్టుకోవడానికి పనికొస్తుంది. కోర్టులో నిలబడాలంటే మూలం నుంచి తీసిన కాపీ, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి.

నంబరు దొరికితే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే మూడు రోజుల్లో స్టేషన్‌కి వెళ్లి సంతకం చేయాలి, లేకపోతే అది ఎఫ్‌ఐఆర్‌గా ఎక్కదు. ఆస్తి నష్టానికి కూడా ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. ట్రిబ్యునల్ ఉన్న ప్రాంతంలో ఇలాంటి క్లెయిమ్‌ని సివిల్ కోర్టు తీసుకోదు. ట్రిబ్యునల్‌కి ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది.

వెళ్లిపోయినవాళ్లు "నెల దాటింది, ఇక రారులే" అనుకోకండి. ఆరు నెలల శిక్ష ఉన్న నేరాన్ని కోర్టు విచారణకి తీసుకోవడానికి గడువు ఏడాది.